మిగులు లేని సముద్రం

చీరాలలో మాజేటి పాండురంగారావు బట్టల కొట్టుకి రెండు గుర్తులున్నాయి. ఒకటి గుమ్మం మీద వాళ్ళ నాన్న రాయించిన బోర్డు: ‘ఒకే మాట – ఒకే ధర’. రెండోది గల్లాపెట్టె వెనక గోడకి వేలాడే పాత క్యాలెండరు. అందులో తేదీలు ఎప్పుడో చెల్లిపోయాయి. అయినా దాన్ని ఎవరూ తియ్యరు. దాని మీద ఆకుపచ్చ సముద్రం, సముద్రంలోంచి మొలిచినట్టు కొండలు, కొండల మధ్య ఎర్ర తెరచాప పడవ ఉంటాయి. అది వియత్నాం అని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పాండురంగారావు భార్య రాజ్యలక్ష్మి మాత్రం దాన్ని ‘కొండల సముద్రం’ అంటుంది.

కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆమె ఆ బొమ్మ ముందు నిలబడి, “ఇట్టాంటి చోటు నిజంగా ఉంటదా అండీ?” అని అడిగింది. “ఎందుకుండదు? ఒకసారి తీసకపోతాలే” అన్నాడు పాండురంగారావు. పెళ్ళయిన కొత్త కదా, నోటికి అడ్డం ఉండదు. ఆ తర్వాత పండగ సీజను, పెళ్ళిళ్ళ సీజను, ఆషాఢం తగ్గింపులు ఇచ్చే పక్క కొట్లతో పోటీ, ఇవన్నీ మీద పడి ఏళ్ళు దొర్లిపోయాయి. ఆమె మళ్ళీ అడగలేదు. రోజూ పొద్దున క్యాలెండరు మీద దుమ్ము మాత్రం దులిపేది. ఆ దులపడమే అతనికి అడిగినట్టుండేది. ధర విషయంలో అతను ఎన్నడూ మాట తప్పలేదు. కొనేవాడు కలెక్టరైనా కూలివాడైనా అదే ధర. ఒకే మాట మనిషి. ఈ ఒక్క మాట మాత్రం ఇంకా చెల్లకుండా మిగిలిపోయింది.

అలాంటి సమయంలో పేపర్లో ప్రకటన పడింది. ‘మితవ్యయ విహార ప్రోత్సాహక మండలి’ చిన్న వర్తకులని వియత్నాం తీసుకెళ్తుందట. తక్కువ ఖర్చుతో లోకం చూడడం నేర్పుతుందట. సగం సొమ్ము మండలిది, సగం సభ్యుడిది. ఆఖరి రోజున కొండల సముద్రంలో పడవ విహారం. పాండురంగారావు ఆ ముక్క కత్తిరించి, క్యాలెండరు పక్కన అంటించాడు. రాజ్యలక్ష్మి చదువుకుని, లోపలికి వెళ్ళి కారప్పొడి కొట్టడం మొదలుపెట్టింది.

బయల్దేరే ముందు ఒంగోలులో శిక్షణ తరగతి పెట్టారు. మండలి ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు వేదిక ఎక్కాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసి నిలబెట్టినట్టుంటాడు.

“సభ్యులారా, నిరుడు మండలి తొలి బృందాన్ని పంపింది. వారు చవక గదుల్లో బస చేశారు. వీధి బళ్ళ దగ్గర భుజించారు. సిటీ బస్సుల్లో సంచరించారు. ఇచ్చిన సొమ్ములో సగం వెనక్కి తెచ్చారు. అందుకు ఆడిటు వారు తీవ్ర అభ్యంతరం తెలిపారు.”

“ఏమనండీ?” అన్నాడు ముందు వరసలోంచి ఒంగోలు స్టీలు సామాన్ల ఆదిశేషయ్య.

“తక్కువ ఖర్చు పెట్టారనడానికి ఆధారమేదీ అన్నారు. తక్కువ అంటే దేనికంటే తక్కువ? పక్కన పెద్ద అంకె లేకుండా చిన్న అంకె చిన్నదని ఎలా నిర్ధారణ అవుతుంది? ఈ ప్రశ్నపై మండలి ఏడు నెలలు మథనపడింది. తత్ఫలితంగా ఈ ఏడాది నుంచి పొదుపు అనగా, అమ్మేవాడు చెప్పిన ధరకీ, సభ్యుడు ఇచ్చిన ధరకీ గల వ్యత్యాసం. దీనికి ‘మిగులు’ అని నామకరణం చేశాము. ప్రతి కొనుగోలుకీ కనీస మిగులు నలభై శాతం. అంతకు తగ్గితే అది దుబారా.”

పాండురంగారావు లేచాడు. “అయ్యా, ముందే సరైన ధర చెప్పినోడి దగ్గర కొంటేనో?”

“దుబారా.”

“అదే సరుకు పక్క కొట్లో నాలుగింతలు చెప్పి, రెండింతలకి ఇచ్చాడనుకోండి?”

“యాభై శాతం మిగులు. ఆదర్శప్రాయమైన పొదుపు.”

“సరైన ధర కంటే రెండింతలు పెట్టాం గదండీ మరి?”

త్రివిక్రమరావు కళ్ళజోడు తీసి తుడిచాడు. “మీరు సరైన ధర అనే పదాన్ని పదే పదే వాడుతున్నారు. ఆ పదానికి ఉత్తర్వుల్లో నిర్వచనం లేదు. కూర్చోండి.”

కూర్చోబోతుంటే ఆఖరి నిబంధన చెప్పాడు. మిగులు లేకుండా ఖర్చు చేసిన సభ్యుడు మర్నాడు విహారానికి రాకూడదు. బసలోనే ఉండి ఆత్మపరిశీలన చేసుకోవాలి. మిగులు రాని స్థలాలకి బస్సు వెళ్ళదు.

మొదటి ఎదురుదెబ్బ హనోయిలో దిగిన మర్నాడు పొద్దున్నే తగిలింది. వాన వెలిసి వీధంతా ఆవిరి కక్కుతోంది. సందు మొదట్లో ఒకావిడ చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి, పెద్ద గిన్నెలో పులుసు మరిగిస్తోంది. స్టూళ్ళ నిండా ఆ వీధి జనమే. ఎక్కడికి వెళ్ళినా ఊరివాళ్ళు తినేచోట తినడం క్షేమమని పాండురంగారావు నమ్మకం. సరుకు నిలవ ఉండదు, ధరలో మోసం ఉండదు. మాంసం వద్దని చేతులతో చెబితే ఆవిడ నవ్వి, సోయా ముక్కలూ, కొత్తిమీరా, బియ్యపు సేమ్యా వేసి రెండు గిన్నెలు పెట్టింది. గోడ మీద ధర రాసి ఉంది.

“నలభై వేలా!” రాజ్యలక్ష్మి సగం లేచి నిలబడింది. “ఏవండీ, పదండి. సేమ్యాకి నలభై వేలేంది?”

“కూర్చో. ఈళ్ళ డబ్బుకి సున్నాలెక్కువ. చివర మూడు సున్నాలు చేత్తో మూసెయ్. మిగిలినదాన్ని మూడుతో హెచ్చేసి ఇంకాస్త కలుపు. నూట ముప్ఫయ్యో, నూట నలభయ్యో. అంతే.”

రాజ్యలక్ష్మి వేళ్ళ మీద లెక్కేసుకుని, కుదుటపడి, కొంగు చాటున తెచ్చిన కారప్పొడి గిన్నెలో చల్లుకుంది. అంత రుచైన భోజనం పేరంటాల్లో కూడా తినలేదంది.

సరిగ్గా అప్పుడు త్రివిక్రమరావు సందులోంచి వచ్చాడు.

“ఎంత చెప్పింది?”

“నలభై వేలండి.”

“ఎంతిచ్చారు?”

“నలభై వేలేనండి. గోడ మీదే రాసుంది.”

అధికారి గోడ వైపు చూసిన చూపు చూస్తే ఆ గోడని అక్కడికక్కడే సస్పెండ్ చేస్తాడనిపించింది. “నేనిప్పుడే ఎదురు హోటల్లో ఇదే పదార్థం తిన్నాను. మూడు లక్షలు చెప్పారు. లక్షా యాభై వేలకి దింపాను. ఒక్క పూటలో లక్షా యాభై వేలు ఆదా. మీరేమో చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చి, పైగా నవ్వుతూ తింటున్నారు. రేపు ఆత్మపరిశీలన.”

మర్నాడంతా పాండురంగారావు గదిలో ఫ్యాను కింద కూర్చుని ఆత్మని పరిశీలించుకున్నాడు. అందులో అతనికి దుబారా ఏమీ కనపడలేదు. రాజ్యలక్ష్మి తను మిగులు తప్పకపోయినా అతనితోనే ఉండిపోయింది. సాయంత్రం నెమ్మదిగా అంది, “ఇంకోసారి ఇట్టా అయితే పడవ నాడు గూడా గదిలోనే కూచోపెడతాడేమో అండీ.”

ఆమె అడిగినట్టు లేదు. దుమ్ము దులిపినట్టుంది. పాండురంగారావు ఆ రోజు నుంచి నోరు కట్టేసుకున్నాడు.

నోరు కట్టుకోవడం కూడా తేలిక కాలేదు. మర్నాడు మధ్యాహ్నం బృందంలో నలుగురు కూర్చుని ఉత్త అన్నం తెప్పించుకుని, ఇంటి నుంచి తెచ్చిన పొడులూ గోంగూర పచ్చడీ బయటికి తీశారు. త్రివిక్రమరావు పరుగున వచ్చాడు.

“ఏమిటిది? పచ్చడి వేసుకుంటే కూర కొనరు. కూర కొనకపోతే ఖర్చు సున్నా. ఖర్చు సున్నా అయితే మిగులు కూడా సున్నా. ఇది పథకం స్ఫూర్తికి గొడ్డలిపెట్టు!”

డబ్బాలన్నీ సేకరించి, మూతల మీద లక్క సీలు వేయించి, హోటల్ సామాన్ల గదిలో భద్రపరిచారు. మూడు రోజుల పాటు ఆ అంతస్తంతా గోంగూర వాసనే. ఆ తర్వాత నడక నిషేధించారు. నడిస్తే మిగులు రాదు. సిటీ బస్సు నిషేధించారు. టిక్కెట్టు మీద ధర అచ్చువేసి ఉంటుంది. పక్క వీధిలో గుడికి వెళ్ళాలన్నా టాక్సీ ఎక్కి, అతను చెప్పినదాంట్లో సగానికి తెగేలా అరుచుకుని, అప్పుడు దిగాలి. గుడిలో ప్రవేశం ఉచితమని తెలిసి ఆ గుడిని కార్యక్రమంలోంచి తీసేశారు.

బజారు ఈ సంగతి పసిగట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. మండలి వాళ్ళ మెడలో ఆకుపచ్చ బిళ్ళ ఉంటుంది. ఆ బిళ్ళ సందు మలుపులో కనిపించడం ఆలస్యం, కొట్లలో ధరల చీటీలు మాయమై క్యాలిక్యులేటర్లు పైకి లేచేవి. ఆ దేశంలో బేరానికి భాష అక్కర్లేదు. వాళ్ళు అంకె కొట్టి చూపిస్తారు, మనం చెరిపేసి మన అంకె కొట్టాలి. ముందురోజు యాభై వేలకి అమ్మిన విసనకర్ర బిళ్ళ చూడగానే నాలుగు లక్షలయ్యేది. లక్షన్నరకి తెగేది. కొన్నవాడూ నవ్వేవాడు, అమ్మినవాడూ నవ్వేవాడు. పాండురంగారావు కళ్ళ ముందు అసలు ధర ఒంటరిగా నిలబడి ఉండేది. దాన్ని పలకరించేవాడు లేడు.

ఆదిశేషయ్య మాత్రం చెలరేగిపోయాడు. కొన్నదల్లా తెచ్చి పాండురంగారావుకి చూపించేవాడు. “శెట్టిగారూ, చూడండి! ఈ పెట్టె ఎనభై శాతం కొట్టా!”

“ఇది నాలుగోది గదయ్యా. లోపలేముంది?”

“మూడోది.”

“దాన్లో?”

“రెండోది. అన్నీ మిగులే శెట్టిగారూ! నా జన్మలో ఇంత పొదుపు చెయ్యలా!”

రోజూ రాత్రి భోజనాల తర్వాత త్రివిక్రమరావు ఆ నాటి మిగులు చదివేవాడు. “ఈ దినం బృందం సాధించిన మొత్తం మిగులు మూడు కోట్ల పన్నెండు లక్షలు!” చప్పట్లు. అవి రూపాయలు కావని, వియత్నాం సున్నాలని ఎవరో గుర్తుచేస్తే, మారకపు రేటు ఆర్థిక శాఖ పరిధిలోనిదని, తాము ఇతర శాఖల విధుల్లో జోక్యం చేసుకోమని చెప్పాడు. ఆ అంకె ఉన్నదున్నట్టు పై కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి నుంచి అభినందనలు వచ్చాయి.

ఆఖరి రోజు వచ్చింది. బస్సు పొద్దున్నే బయల్దేరి, వరిచేల మధ్య నుంచి పోయి పోయి, ఒడ్డుకి చేరింది. రాజ్యలక్ష్మి కిటికీ అద్దానికి ముఖం ఆనించింది. దూరంగా పొగమంచులో కొండలు, నిజంగానే నీళ్ళలోంచి లేచినట్టు. పాండురంగారావు చెయ్యి గట్టిగా పట్టుకుంది, బస్సులో అందరి మధ్యా.

రేవులో పడవ టిక్కెట్ల కిటికీ ఒకటే ఉంది. పైన పెద్ద బోర్డు: మనిషికి మూడు లక్షలు. లోపల కూర్చున్న అమ్మాయి త్రివిక్రమరావు చూపించిన క్యాలిక్యులేటర్ని చూసి, బోర్డు వైపు వేలు చూపించింది. అతను మళ్ళీ చూపించాడు. ఆమె మళ్ళీ వేలు చూపించింది.

“చూడమ్మా,” అన్నాడు అతను శుద్ధమైన తెలుగులో, గొంతు పెంచితే అర్థమవుతుందన్న నమ్మకంతో. “మేము మిమ్మల్ని నష్టపోమనడం లేదు. ముందు మీరు ధర పెంచండి. ఆ పిదప తగ్గించండి. మీకూ గౌరవం, మాకూ మిగులు.”

అమ్మాయి నవ్వి, వెనకవాణ్ణి రమ్మంది.

త్రివిక్రమరావు వెనక్కి తిరిగి ప్రకటించాడు. “సభ్యులారా! ఈ సముద్రంలో మిగులు లేదు. నిబంధనల ప్రకారం దీనిని మిగులు లేని స్థలంగా నమోదు చేస్తున్నాను. అందరూ బస్సెక్కి కిటికీలోంచి వీక్షించండి. వీక్షణకు పది నిమిషాలు.”

జనం గొణుక్కుంటూ బస్సు వైపు నడిచారు. రాజ్యలక్ష్మి అక్కడే సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, సంచి కొసలు మడతపెట్టడం మొదలుపెట్టింది. కొట్టు కట్టేసే వేళ, ఎవరూ కొనని చీరని మళ్ళీ బీరువాలో పెట్టేముందు సరిగ్గా అలాగే మడతపెడుతుంది.

పాండురంగారావుకి అది చూడబుద్ధి కాలేదు. పక్కకి చూశాడు. అక్కడ తాటాకు టోపీలు అమ్మే ఆవిడ కూర్చుని ఉంది. వయసు తనంతే ఉంటుంది. పొద్దుట్నించీ బోణీ కాని ముఖం. ఆ ముఖం అతనికి బాగా తెలుసు.

అతను ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆవిడ దగ్గరున్న క్యాలిక్యులేటర్ అందుకుని మూడు లక్షలు కొట్టి, టిక్కెట్ల కిటికీ చూపించి, రెండు వేళ్ళు చూపించాడు. దాని మీద ఇరవై వేలు కలిపి, ఆవిడ వైపు చూపించాడు. ఆవిడ తలూపింది. అప్పుడు అతను ఆగిపోయాడు. తర్వాత కొట్టాల్సిన అంకె నాన్న బోర్డుకి పడదు. ఇన్నేళ్ళలో ఆ నోటంట గానీ, ఆ వేలంట గానీ లేని ధర రాలేదు. ఒకసారి సిమెంటు దిమ్మ వైపు చూశాడు. సంచి మడత పూర్తయింది.

ముప్ఫై లక్షలు కొట్టి, త్రివిక్రమరావుని చూపించాడు.

టోపీ ఆవిడ ఒక క్షణం అంకె వైపు, ఒక క్షణం అధికారి వైపు, మరో క్షణం అతని మెడలో ఆకుపచ్చ బిళ్ళ వైపు చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. లేచి వెళ్ళి కిటికీలో తన డబ్బుతోనే రెండు టిక్కెట్లు కొనుక్కొచ్చి, వాటిని గాల్లో ఊపుతూ కేకలు మొదలుపెట్టింది.

“ముప్ఫై లక్షలా?” పాండురంగారావు బస్సుదాకా వినపడేలా అరిచాడు. “మనిషికా? ఏం, పడవ రాసిస్తావా?”

త్రివిక్రమరావు బస్సు మెట్టు మీదే ఆగిపోయాడు. పాండురంగారావు మూడు లక్షలు కొట్టాడు. ఆవిడ గుండెలు బాదుకుని ఇరవై లక్షలు కొట్టింది. ఈ ఏర్పాటు రాజ్యలక్ష్మికి తెలీదు. ఆమె హడలిపోయి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

“వద్దండీ! ఈ సముద్రం వద్దు, ఏం వద్దు. ఇల్లు గుల్లయిపోద్ది. నేను కిటికీలోంచే చూత్తాలే. పదండి!”

అని నిజంగానే లాక్కుపోసాగింది. టోపీ ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. చేతిలో టిక్కెట్లు, ఎదురుగా పోతున్న గిరాకీ. వెనకాల పరుగెత్తుకొచ్చి, గబగబా మూడు లక్షల ఇరవై వేలు కొట్టి, పాండురంగారావు ముక్కు దగ్గర పెట్టింది.

త్రివిక్రమరావు కాగితం తీసి గబగబా లెక్క కట్టాడు. “ఎనభై తొమ్మిది శాతం! మండలి చరిత్రలో లేదు! దీనికి మూలకారణం సతీమణి గారి నిష్క్రమణ. ఆ నిష్క్రమణని వచ్చే శిక్షణలో పాఠంగా పెడతాం!”

ఇంకేముంది, బస్సు ఖాళీ అయింది. ఆదిశేషయ్య అందరికంటే ముందు. బృందమంతా టిక్కెట్ల కిటికీ వైపు కన్నెత్తకుండా టోపీ ఆవిడ ముందు బారులు తీరింది. ఒక్కొక్కరూ బోర్డు ధర కంటే ఇరవై వేలు ఎక్కువిచ్చి, దాదాపు ఇరవయ్యేడు లక్షల చొప్పున ఆదా చేశారు. భార్యలందరూ వంతులవారీగా నిష్క్రమించారు.

పడవ కదిలింది. ఆకుపచ్చ నీళ్ళు, ఆ నీళ్ళలో కొండల నీడలు. రాజ్యలక్ష్మి చాలాసేపు చూసింది.

“ఎర్ర తెరచాప లేదేందండీ?”

“ఇంజను పడవ గదా. ఆ తెరచాప బొమ్మ కోసం కట్టుంటారు.”

“పోనీలెండి. కొండలైతే ఉన్నాయి.” వేళ్ళు నీళ్ళకి తగిలేలా వంగింది. “ఆవిడెవరో మంచిది. ఎంత కిందికి దిగిందో పాపం.”

అప్పుడు పాండురంగారావు జరిగింది చెప్పాడు. తప్పు చేసినవాడిలా నీళ్ళవైపు చూస్తూ చెప్పాడు. రాజ్యలక్ష్మి ముందు నోరు తెరిచింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

“అయితే మాట నిలబెట్టుకోడానికి ధర తప్పారన్నమాట!”

“ఇచ్చింది సక్రమమేనే. చెప్పిందే తప్పు.”

“చెప్పేదానికేముంది? అది ఆ ఆఫీసరు ముచ్చట. ఆయనకి కావల్సినంత చెప్పుకుంటాడు. మనకెందుకు?”

పాండురంగారావు ఆ మాటని అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

తిరిగొచ్చిన రెండు నెలలకి, ఓ మధ్యాహ్నం త్రివిక్రమరావు చీరాలలో కొట్టు ముందు కారు దిగాడు. చేతిలో ‘మితవ్యయ విహార శిరోమణి’ అని చెక్కిన జ్ఞాపిక, రెండో చేతిలో ఉత్తర్వు. జ్ఞాపిక ఇచ్చి, ఫొటో తీయించుకుని, ఉత్తర్వు చదివాడు.

“విదేశంలో సాధించిన ఘనవిజయం దృష్ట్యా పథకాన్ని స్వదేశీ దుకాణాలకి విస్తరించడమైనది. ఒకే ధర చెప్పే దుకాణం, వినియోగదారుడికి పొదుపు చేసే అవకాశం లేకుండా చేస్తున్నది. కావున ఇకపై చెప్పే ధరా, తీసుకునే ధరా ఒకటి కారాదు.” తలెత్తి గుమ్మం వైపు చూశాడు. “ఆ బోర్డు తీసెయ్యాలి రావుగారూ. నియమాలు.”

పాండురంగారావు ముఖం పాలిపోయింది. “అది మా నాన్న రాయించిందండీ.”

“అర్థమవుతోంది. వారం గడువిస్తున్నాను.” త్రివిక్రమరావు బల్ల మీద పరిచి ఉన్న చీరల్లోంచి నెమలికంఠం రంగుది ఒకటి పైకి తీశాడు. అసలు ధర పన్నెండు వందలు. “మా ఆవిడకి బాగుంటుంది. మొదటి కొనుగోలు నాదే అవ్వాలి. చెప్పండి, ఎంత?”

పాండురంగారావు నోరు తెరిచాడు. పన్నెండు వందలంటే ఉత్తర్వుకి తప్పు. ఇంకేమన్నా నాన్నకి తప్పు.

గల్లాపెట్టె దగ్గర్నించి రాజ్యలక్ష్మి లేచి వచ్చింది. చీర అందుకుని, మడత విప్పి, కొంగు అంచు వెలుతుర్లోకి పట్టి చూపించింది.

“తీసుకునేది పన్నెండు వందలండి. అది మాత్రం మారదు,” అంది. “చెప్పేది మీ ఇష్టం. ఎంతని చెప్పమంటారు?”

త్రివిక్రమరావు ఉత్తర్వు తీసి, ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. రెండు ధరలూ ఒకటి కాకూడదని ఉంది. ఎవరు చెప్పాలో లేదు. అతని ముఖం మెల్లగా వికసించింది. కుర్చీ లాక్కుని కూర్చుని, తిరిగే ఫ్యాను వైపు చూస్తూ గంభీరంగా ఆలోచనలో పడ్డాడు.

“ఎంతైతే బాగుంటుందంటారు?”

రాజ్యలక్ష్మి వెనక్కి తిరిగి క్యాలెండరు వైపు ఒకసారి చూసింది.

“ముప్ఫై లక్షలు చెబుదామా సార్?”

పాండురంగారావు పన్నెండు వందలకి బిల్లు రాయడం మొదలుపెట్టాడు.